మూడో దరువు

మా వంటింట్లో తాగే నీళ్ల కుండ ఒక చెక్క వలయం మీద కూర్చుని ఉంటుంది. గోడకు ఫిల్టరు బిగించి ఏళ్లయినా ఆ కుండను నేను తీయలేదు. ఎండాకాలం కుండ నీళ్లకు సాటి లేదని వచ్చినవాళ్లకు చెబుతాను గానీ, అసలు సంగతి కింద ఉన్న ఆ వలయం. మొన్న సెలవులకు మా తమ్ముడి కూతురు హారిక బెంగళూరు నుంచి కుప్పం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల. వచ్చిన రోజే హాల్లో సోఫా వెనక్కి జరిపించి, టీపాయి వరండాలో పెట్టించి, "అత్తా, ఇది కపొయెరా. బ్రెజిల్ వాళ్లది. మా అపార్ట్‌మెంట్ కింద ప్రతి శనివారం నేర్పిస్తారు, చూడు" అని మొదలుపెట్టింది. ఒక కాలు వెనక్కి, మళ్లీ ఇంకో కాలు వెనక్కి వేస్తూ ఊగింది. ఉన్నట్టుండి చేతులు నేలకు ఆనించి తలకిందులై ఒక చుట్టు తిరిగి లేచింది. లేస్తూనే నా ముఖానికి జానెడు దూరంలో కాలు విసిరి, తగలకుండా వెనక్కి తీసుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. పిల్ల పడీపడీ నవ్వి, నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోయి, అక్కణ్ణుంచే అరిచింది. "అత్తా, ఈ కుండ కింద ఏందిది? మా క్లాసులో వాయించేదాని చట్రంలాగా ఉంది!"

"అది మీ తాత పలక" అన్నాను. డప్పును మా వైపు పలక అంటాం. "మరి దాని తోలేది?" అంది. నేనే చింపానని చెప్పడానికి నోరు రాలేదు. పాతికేళ్లు బడిపిల్లలకు నిజం చెప్పమని బెత్తం చూపించినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు దోసెలు మాడిపోతున్నాయని వంక పెట్టి తప్పించుకున్నాను. ఆ జవాబే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

పుంగనూరుకు ఆనుకుని ఉన్న పల్లెలో, ఊరికి ఎడంగా ఉండేది మా పేట. నాయన పేరు చిన్నప్ప. ఒక కాలంలో వేరుశనక్కాయలు పెరకడానికి, ఇంకో కాలంలో టమేటా తోటలకు, ఏదీ లేనప్పుడు బావుల పూడిక తీయడానికి కూలికి పోయేవాడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కున్నాక ఆయన చేసే మొదటి పని అన్నం తినడం కాదు. వాకిట్లో వేరుశనగ పొట్టు గుప్పెడు పోసి మంట పెట్టేవాడు. పలకను ఆ సెగకు చూపించి, తిప్పి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలకపోతే మళ్లీ సెగ చూపేవాడు. అమ్మ రాగిసంకటి కెలుకుతూ లోపల్నుంచి, "ఆ తోలుకు ఉండే మర్యాద నాకుండుంటే ఎంత బాగుండు" అని సాధించేది. నాయన నవ్వేవాడు కానీ సెగ దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. కాలిన పొట్టు, వేడెక్కిన తోలు, బీడీ, ఈ మూడు వాసనలూ కలిసి ఎక్కడైనా తగిలితే ఈనాటికీ నేను వెనక్కి తిరిగి చూస్తాను.

ఎండ తగ్గాక పేట వెనక మైదానంలో మగవాళ్లు కర్రసాము చేసేవాళ్లు. పగలంతా నడుము వంచి పనిచేసినవాళ్లు అక్కడికి వచ్చేసరికి నిటారుగా అయిపోయేవాళ్లు. మా పక్కింటి ఎర్రప్ప మామ కర్ర తిప్పుతుంటే కర్ర కనిపించేది కాదు, గాలి చప్పుడే వినిపించేది. ఇద్దరేసి మైదానంలోకి దిగేవాళ్లు. వాళ్లను నడిపేది వాళ్ల బలం కాదు, నాయన చేతిలో పలక. మొదటి దరువుకు ఒకరినొకరు చూసుకుంటూ చుట్టూ నడవాలి. రెండో దరువుకు కర్రలు కలవాలి. పలక ఆగిందా, ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగాలి. ఎదుటివాడి తల కింద ఉన్నా సరే, మన కోపం ఎంత ఉన్నా సరే. ఆ కట్టుబాటు తప్పినవాణ్ని ఏడాది పాటు మైదానంలోకి రానిచ్చేవాళ్లు కాదు. "నా పలక కింద ఎవురికీ తల పగల్లేదు" అనేది నాయన చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప.

నాయన అక్క మునెమ్మత్త మొగుడు పోయాక మాతోనే ఉండేది. ఆట జరిగేటప్పుడు మగవాళ్లకు దూరంగా, సందు మొదట్లో, రోడ్డు కనిపించే చోట చేటలో చింతపండు పోసుకుని కూర్చునేది. గింజలు తీసేది. ఆట ఒక్కరోజు కూడా చూసేది కాదు. అంత మంచి ఆటకు వీపు పెట్టుకుని కూర్చుంటుందేమిటని నాకు వింతగా ఉండేది. అడిగితే "ఆడ గాలి బాగొస్తాది పాపా" అనేది. నిజమే అనుకున్నాను. పెద్దవాళ్లు చెప్పింది నమ్మే వయసు అది.

మూడో దరువు మైదానంలో నేను ఒక్కసారే విన్నాను. నాకు పదమూడేళ్లు ఉంటాయి. ఎర్రప్ప మామ, ఇంకొకాయన మంచి ఊపు మీద ఉన్నారు. సందు మొదట్లో మునెమ్మత్త గట్టిగా దగ్గింది. నాయన చేతిలో పలక ఆగలేదు గానీ దాని నడక మారింది. గబగబా, చిన్నచిన్న దెబ్బలు, మధ్యలో ఒక ఖాళీ, మళ్లీ గబగబా. కళ్లు మూసి తెరిచేలోగా కర్రలన్నీ ఏమయ్యాయో తెలియదు. ఆ వీరులందరూ నడుములు తిప్పుతూ, చేతులు ఊపుతూ, వంగుతూ లేస్తూ ఎగరడం మొదలుపెట్టారు. ఎర్రప్ప మామ తువ్వాలు కొంగులా వేసుకుని ఆడవేషం కూడా కట్టాడు. ఒక జీపు వచ్చి ఆగింది. అందులో ఉన్నది మా వాళ్లందరూ కూలికి పోయే పెద్ద ఆసామి. కాసేపు చూసి, "బాగా ఎగురుతాండారే నా కొడుకులు!" అని నవ్వి, జీపు తిప్పుకుని పోయాడు.

నాకు ఒళ్లంతా మండిపోయింది. అప్పటిదాకా పులుల్లా ఉన్నవాళ్లు ఒక జీపును చూసి కోతులాట ఆడారని అనుకున్నాను. ఆడించింది మా నాయన. ఇంటికొచ్చాక ఏడుస్తూ అడిగాను. "యాల నాయనా వాళ్ల ముందర అట్లా ఎగిరేది? సిగ్గు లేదా మీకు?" నాయన పలకను గోడకు తగిలిస్తూ, "ఆటన్నాక అన్నీ ఉంటాయి పాపా. అన్నం తిను" అన్నాడు. అంతే. మునెమ్మత్త ఏదో చెప్పబోయింది. నాయన ఆమె వైపు ఒక చూపు చూశాడు. అత్త నోరు మూసుకుని నాకు సంకటి పెట్టింది. ఆ రోజు నుంచి నేను మైదానం వైపు పోలేదు. పొట్టు సెగ వాసన వస్తే పుస్తకం తీసుకుని ఇంటి వెనక్కి పోయేదాన్ని. నాకు చదువు అబ్బిందంటే సగం ఆ కోపం వల్లే.

మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఉండేదాన్ని. మీ నాయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే సేద్యం అనేదాన్ని. ఒకసారి నాయన గుర్రంకొండ దగ్గర ఏదో జాతరలో వాయించడానికి పోతూ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సంచిలో వేసుకుని కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. భుజానికి పలక ఉంది. నేను స్నేహితురాళ్లతో బయటికి వస్తూ దూరం నుంచే చూశాను. చూసి, పుస్తకం మరిచిపోయానని వాళ్లకు చెప్పి లోపలికి తిరిగి వెళ్లిపోయాను. గంట తర్వాత వాచ్‌మన్ సంచి తెచ్చి ఇచ్చాడు. కాయలు ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి. ఆ కాయలు గదిలో అందరికీ పంచాను గానీ నేను ఒక్కటి కూడా తినలేకపోయాను. నాయన నన్ను చూశాడా లేదా అన్నది నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

టీచరు ఉద్యోగం వచ్చి కుప్పంలో ఇల్లు తీసుకున్నాక, అమ్మ అప్పటికే పోవడంతో, నాయననూ మునెమ్మత్తనూ నా దగ్గరికి తెచ్చుకున్నాను. తెచ్చేముందు ఒక్క షరతు పెట్టాను. "పలక మాత్రం వద్దు నాయనా. చుట్టుపక్కల అంతా ఉద్యోగస్తులు. మీరు ఆ జీపు ముందర ఎగిరిందే నాకింకా మర్చిపోడానికి కాలే." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేదు, సామాన్లు సర్దుతున్నాను. నాయన సరే అన్నాడు. అయినా పలక వచ్చింది, దుప్పటి మూటలో. మంచం కింద పెట్టుకున్నాడు. ఒక్కరోజు కూడా బయటికి తీయలేదు. సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చుని మోకాలి మీద వేళ్లు ఆడించేవాడు. నేను బడి నుంచి వస్తే ఆ వేళ్లు ఆగిపోయేవి.

మా బడిలో ఒకసారి పాతకాలపు వస్తువుల ప్రదర్శన పెట్టారు. రోకలి, విసుర్రాయి, కవ్వం లాంటివి తెమ్మన్నారు. పెద్దసారు నన్ను ప్రత్యేకంగా పిలిచి, "మీ ఇంట్లో పలక ఉండాదంట కదమ్మా, తీసుకురా" అన్నాడు. ఆయనకు ఎలా తెలిసిందో గానీ నాకు తల కొట్టేసినట్టయింది. తీసుకుపోక తప్పదు, తీసుకుపోతే శుభ్రంగా అయినా తీసుకుపోవాలనుకున్నాను. నాయన బజారుకు పోయినప్పుడు మంచం కింద నుంచి తీశాను. ఏళ్ల తరబడి చేతుల చెమట, పొగ, నూనె పట్టి నల్లగా ఉంది. బట్టల సబ్బు పొడి కలిపి, కొబ్బరి పీచుతో తోమి తోమి కడిగాను. తోలు మెత్తబడి వేలాడింది. పరవాలేదు, ఆరితే బిగుసుకుంటుందని మిద్దె మీద ఎర్రటి ఎండలో పెట్టాను. పలక మోగే ఇంట్లో పుట్టి, దాన్ని సెగకు చూపించడం రోజూ చూసి, అది నీళ్లకు ఓర్వదన్న సంగతి తెలియని మనిషిని నేను. చూడనని మొండిపట్టు పట్టి పెరిగితే అంతే. మధ్యాహ్నం మిద్దె మీద నుంచి టప్పున చప్పుడు వినిపించింది. పోయి చూస్తే తోలు నడిమధ్య నుంచి అంచు దాకా చీలిపోయి ఉంది.

నాయన మెట్లెక్కి వచ్చాడు. పలకను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "సబ్బేసి కడిగినావా పాపా?" అన్నాడు. "దానికేం మురికి ఉండాదని?"

మరుసటి రోజు తోలంతా ఒలిచేసి, చట్రాన్ని తుడిచి, తనే వంటింట్లో నీళ్ల కుండ కింద పెట్టాడు. "కుండ దొర్లకుండా ఉంటాది. ఇట్లన్నా పనికొస్తాది" అన్నాడు. కొత్త తోలు బిగిద్దామని నేను రెండుమూడుసార్లు అన్నాను. "యాల పాపా ఇప్పుడు" అన్నాడు. ఆ తర్వాత మోకాలి మీద వేళ్లు ఆడించడం కూడా మానేశాడు. ఆయనకు మాటలు ముందే తక్కువ, ఆ ఏడాది ఇంకా తగ్గిపోయాయి.

అలాంటి రోజుల్లో మా బడి పిల్లల్ని తీసుకుని మదనపల్లెలో ఒక పిల్లల పండుగకు పోయాను. బెంగళూరు నుంచి ఒక బృందం వచ్చి కొత్త రకం ఆట చూపిస్తారని చెప్పారు. వాళ్లకు గురువు రోజా అనే ఆవిడ, బ్రెజిల్ దేశస్తురాలు. మా వాళ్లందరిలో నల్లగా ఉండే మునెమ్మత్త కంటే నలుపు, ఆరడుగుల మనిషి, తెల్ల ప్యాంటు. పిల్లలు పది నిమిషాల్లో రోజమ్మా రోజమ్మా అని చుట్టుకుపోయారు. ఆమె చేతిలో వింత వాయిద్యం ఒకటి ఉంది. విల్లులా వంచిన కర్రకు ఒకే ఒక తీగ, కింద ఎండిన సొరబుర్ర కట్టి ఉంది. పేరు బెరింబావ్. సన్న పుల్లతో తీగను కొడుతుంటే ఇద్దరు మధ్యలోకి దిగి ఊగుతూ ఆడారు. ఆటా, కొట్లాటా, నాట్యమా చెప్పలేం. కాలు ముఖం దాకా వస్తుంది, తగలదు. తీగ నిదానిస్తే వాళ్లూ నిదానించారు. తీగ ఆగింది. గాలిలో ఉన్న కాలు అక్కడే ఆగింది. నేను కూర్చున్న కుర్చీలో ముందుకు జరిగాను.

ఆట అయ్యాక ఆమె దాని కథ చెప్పింది. తెలుగు వచ్చిన బెంగళూరు శిష్యురాలు ఒకమ్మాయి పక్కన నిలబడి మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టి ఓడల్లో వేసుకుపోయి, చెరకు తోటల్లో బానిసలుగా పెట్టుకున్నారట. వాళ్లు తమ దేశాల్లోని ఆటలూ పాటలూ కొట్లాటలూ కలుపుకుని దీన్ని తయారుచేసుకున్నారట. యజమాని కంటికి నాట్యంలా కనిపించాలి, లోపల మాత్రం ఒళ్లు పోరాటం మరిచిపోకూడదు. బానిసత్వం పోయాక కూడా దీన్ని ఆడితే జైలన్నారట. అందుకే ఆడేవాళ్లు అసలు పేర్లు దాచి మారుపేర్లు పెట్టుకునేవాళ్లు, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. తర్వాతెప్పుడో కొందరు గురువులు ధైర్యం చేసి బడులు తెరిచారు. జైల్లో పెట్టిన ప్రభుత్వమే మెచ్చుకుంది. నాట్య బృందాలతో దేశాలు దాటింది, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ ఇదిగో మదనపల్లె దాకా వచ్చింది. ఇదంతా చెప్పి రోజమ్మ, "నాట్యం ముసుగు సంగతి మా పెద్దలు చెప్పేది. పుస్తకాలు చదివినవాళ్లు కొందరు కాదంటారు. కాగితాలు లేవు" అని నవ్వింది. రాసేవాళ్లను ఆట దగ్గరికి రానిస్తే కదా కాగితాలుండేది అని నేను మనసులో అనుకున్నాను.

చివరగా తీగ మీద ఒక దరువు వాయించింది. గబగబా, చిన్నచిన్న దెబ్బలు. అది గుర్రాల నడకట. గుర్రాల మీద పోలీసులు వస్తున్నారని తెలిస్తే వాయించేవాడు ఈ దరువు ఎత్తుకునేవాడు. విన్న క్షణంలో పోరాటం మాయమై ఆట మిగిలేది, లేదా అందరూ చెదిరిపోయేవాళ్లు.

రోజమ్మ దరువూ మా నాయన దరువూ ఒకటి కాదు. దెబ్బలు వేరు, లెక్క వేరు. కానీ నాకు ఆ సాయంత్రం కళ్ల ముందుకు వచ్చింది. అత్త దగ్గు. మాయమైన కర్రలు. తువ్వాలు కొంగు. అంతమంది చూస్తుండగా నాకు ఏడుపు ఆగలేదు. పిల్లలు బెదిరిపోయి "టీచరుకు ఏమయింది" అని పక్కన చేరారు. తలనొప్పి అన్నాను. పుంగనూరు మీదుగా బస్సు వస్తుంటే మా పేట మలుపు దగ్గర కిటికీలోంచి చూశాను. మైదానంలో ఇళ్లు లేచాయి, ఒక సెల్ టవరు ఉంది. అన్ని ఊళ్లలా ఉంది.

మరుసటి రోజు ఆదివారం. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్త కాస్త దూరంలో చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. చూపు బాగా తగ్గిపోయింది, వేళ్లే ఆమె కళ్లు. నేను వెళ్లి నాయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "ఆ పొద్దు జీపొచ్చినప్పుడు మీరు ఎగరలేదు. దాచినారు. అవునా నాయనా?" అన్నాను.

ఆయన రోడ్డు వైపు చూశాడు. "పేటోళ్లు కర్ర తిప్పుతాండారంటే కొట్లాటకు తయారవుతాండారని ఊళ్లో మాట పుడతాది. ఇంగ మరసటి రోజు ఎవురినీ పనికి పిలవరు. మా నాయన కాలంలో అయితే చేతులే ఇరగ్గొట్టినారు. అందుకని పెట్టుకున్న దరువు అది" అన్నాడు.

"మరి నాతో యాల చెప్పలే? నేను అన్ని మాటలన్నాను కదా!"

"పిల్లోళ్లకు చెప్పకూడదు. దానికి అదే మొదటి కట్టు. నువ్వు బడికి పోతావు, యాడో ఒక చోట అనేస్తావు. నలభై ఇళ్ల కూడు అది" అన్నాడు. మళ్లీ, "పెద్దయినాక చెప్దామనుకుంటి. నువ్వు పెద్దయినాక పలక మాటే వద్దంటివి" అన్నాడు. కోపంగా అనలేదు. నేను ఆయన మోకాలి మీద తల పెట్టుకున్నాను. క్షమించమని అడగడం మా ఇళ్లలో అలవాటు లేదు. "ఒకసారి వాయించు నాయనా" అని మాత్రం అనగలిగాను.

లోపల్నుంచి ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లతో మొదటి దరువు, కాసేపు రెండోది వాయించాడు. అత్త తల ఎత్తలేదు, గింజలు తీస్తూనే ఉంది. అప్పుడు మూడోది ఎత్తుకున్నాడు. గబగబా, మధ్యలో ఖాళీ, మళ్లీ గబగబా. చేట దబ్బున కింద పడింది. అత్త గోడ పట్టుకుని లేచి, కనిపించని కళ్లతో రోడ్డు వైపు తిరిగి, ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎవురొస్తాండారు సిన్నప్పా? నాకు కనపడలేదే! కర్రలు తీసేసినారా?"

నాయన చేతులు ఆగిపోయాయి. "ఎవురూ రాలేదక్కా" అన్నాడు. "ఎవురూ రారింక. కూర్చో." అత్త నమ్మలేదు. ఇంకా చాలాసేపు అలాగే రోడ్డు చూస్తూ నిలబడింది. నేను లేచి వెళ్లి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాను. అన్నేళ్లు ఆమె ఆటకు వీపు పెట్టుకుని కూర్చున్నది గాలి కోసమని నమ్మినదాన్ని నేను.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. చట్రానికి కొత్త తోలు నేను బిగించలేదు, ఆయన వద్దన్నాడు కాబట్టి. ఆ ఆదివారం తర్వాత నాయన నాకు మూడు దరువులూ డబ్బా మీద నేర్పాడు. నా చేతికి సరిగ్గా రావు. అయినా మరిచిపోలేదు.

హారిక వెళ్లిపోయే రోజు పొద్దున మళ్లీ సోఫా జరిపించింది. నేను కుండ దించి, చట్రం తుడిచి హాల్లో పిల్ల పక్కన పెట్టి, తోలు ఏమయిందో ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "వాయించు అత్తా, నేను ఆడతా" అంది. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి దరువుకు ఊగింది, రెండోదానికి చక్రం తిరిగింది. అప్పుడు మూడోది ఎత్తుకున్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది, వీధిలో మనుషులు పోతున్నారు. ఆ పిల్ల దరువు మారిందని గుర్తుపట్టి వేగం పెంచి, ఇంకా గట్టిగా నవ్వుతూ కాలు విసిరింది. వాకిలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.